అనంతపురం కాలేజీలో పాత వైమానిక దళ విమానం: రంగు వేయకముందే నంబరు కనుక్కోవాలి, సాయం చేయండి

గుత్తి_గాలి (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, వర్క్‌షాపు వెనక వేపచెట్ల పక్కన ఒక పాత విమానం నిలబెట్టి ఉంది. మా అమ్మాయి అక్కడే ఏరోనాటికల్ రెండో ఏడాది చదువుతోంది. మొన్న ఫీజు కట్టడానికి పోయినప్పుడు దగ్గరికెళ్లి చూశాను. ముక్కు పొట్టిగా గుండ్రంగా ఉంది. లోపల రెండు సీట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒళ్లుకి రెండు వైపులా గాలి లోపలికి పోయే నోళ్లు, కింద అతుక్కున్నట్టు రెక్కలు. తెల్లరంగు పెచ్చులుగా లేచిపోతోంది. తోక మీద నంబరు ఉండాల్సిన చోట ఎప్పుడో ఎవరో ఎనామిల్ పూసేశారు.

నా టెన్షన్ ఏమిటంటే, వచ్చే నెల వార్షికోత్సవం. కాంపౌండు గోడకు రంగు వేసే మనిషికే దీన్నీ అప్పజెప్పారట. అతను గోకి, లప్పం పెట్టి, మెరిసేలా చేస్తానన్నాడట. ఒక్కసారి గోకితే కింద ఉన్న అక్షరాలు మళ్లీ రావు. ఇది ఏ విమానం, ఎక్కడ ఎగిరింది అన్నది కాలేజీలో ఎవరికీ తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

---

ఎయిర్‌ఫ్రేమ్_ఫిట్టర్ (కడప)

అప్పా, ముందు అందరికంటే పెద్ద సంగతి చెబుతా, తర్వాత నంబరు చూద్దాం. లోపల సీట్లు ఉన్నాయన్నావు. మామూలు కుర్చీలా, ఎజెక్షన్ సీట్లా? నువ్వు చెప్పిన గుర్తులన్నీ కిరణ్ అనే శిక్షణ జెట్ విమానానివి. కిరణ్‌లో ఉండేవి మార్టిన్-బేకర్ కంపెనీ ఎజెక్షన్ సీట్లు. పైలట్‌ను బయటికి విసిరేది తుపాకీ మందు లాంటి కార్ట్రిడ్జే. విమానాన్ని ప్రదర్శనకు ఇచ్చేముందు అవన్నీ తీసేయాలి, తీసే ఉంటారు. అయినా కాగితం చూడకుండా నమ్మకూడదు. పిల్లలు ఎవరూ లోపలికెక్కి పసుపు, నలుపు చారల హ్యాండిల్ పట్టుకోకూడదు. సీటు నిజంగా ఖాళీదే అని రాతపూర్వకంగా తేలేవరకు కాక్‌పిట్‌కు తాళం వేయించు.

నేను దళంలో ఎయిర్‌ఫ్రేమ్ పనిలోనే రిటైర్ అయ్యాను. ఈ ఒక్క విషయంలో నాది మొండిపట్టు, ఏమీ అనుకోవద్దు.

---

గుత్తి_గాలి (అనంతపురం)

చాలా థ్యాంక్స్ అన్నా. సాయంత్రమే ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. తాళం వేయించారు.

---

పెన్నాయేరు (ఊరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు)

కిరణ్ అయితే అది పుట్టింది మీకు దగ్గరలోనే, బెంగళూరు హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)లో. హెచ్‌జేటీ-16 అని దాని అసలు పేరు. 1964 సెప్టెంబరు 4న మొదటిసారి ఎగిరింది. ఆ తర్వాత దళంలో జెట్ నడపడం నేర్చుకున్న పైలట్లు తరాల తరబడి దీని మీదే నేర్చుకున్నారు. మన హైదరాబాదు పక్కన దుండిగల్ అకాడమీలో పొద్దున్నే వినిపించిన జెట్ చప్పుడు చాలా ఏళ్లు దీనిదే. సూర్యకిరణ్ విన్యాసాల జట్టు 1996లో మొదలైంది కూడా ఈ విమానంతోనే, బీదర్‌లో.

ఏ రకం కిరణో తెలుసుకోవడం సులువు. రెక్కల కిందికి వంగి చూడండి. ఆయుధమో ట్యాంకో తగిలించే చోట్లు ఒక్కో రెక్కకు ఎన్ని ఉన్నాయి? ఏమీ లేకపోతే మార్క్-1. ఒక్కొక్కటి ఉంటే మార్క్-1ఎ. రెండేసి ఉండి, ముక్కులో తుపాకుల జాగా కూడా ఉంటే మార్క్-2. ఇంజిను ఉందా, తీసేశారా అన్నదీ చూడండి. మొదటి రకాలకు వైపర్ ఇంజిను, మార్క్-2కు ఆర్ఫియస్.

---

సెకండియర్_ఏరో (అనంతపురం)

నమస్తే. ఈ థ్రెడ్ మొదలుపెట్టినాయన మా నాన్న. నేను, నా క్లాస్‌మేట్స్ ఇద్దరు కలిసి చూశాం. ఒక్కో రెక్క కింద ఒక్కటే పాయింట్ ఉంది, మూత వేసి ఉంది. ముక్కులో తుపాకులు లేవు. ఇంజిను లేదు. టెయిల్ పైప్‌లోంచి చూస్తే ఖాళీ. ఒక వైపు గాలి నోట్లో కందిరీగల గూడు ఉంది, అందుకే దగ్గరికి పోలేదు. టైర్లు పూర్తిగా అణిగిపోయి రబ్బరు బీటలు వారింది.

---

పెన్నాయేరు (ఊరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు)

అయితే మార్క్-1ఎ. భేష్ అమ్మా.

---

టింకరింగ్_షెడ్ (ప్రొద్దుటూరు)

నాది కార్ల టింకరింగ్, పెయింటింగ్ పని. విమానాల గురించి తెలీదు కానీ రంగు గురించి తెలుసు. పాత అంబాసిడర్ల మీద అసలు రంగు ఏదో కనుక్కోవడానికి మేము చేసే పని ఒకటుంది. ఎవరికీ కనపడని చోట, రూపాయి బిళ్లంత జాగాలో, నీళ్లు పోస్తూ సన్న వాటర్ పేపర్‌తో నెమ్మదిగా రుద్దుతాం. 600తో మొదలుపెట్టి 1000కి, ఆ తర్వాత 1500కి. చెయ్యి గుండ్రంగా తిప్పుతూ మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ రుద్దితే ఒక్కో పొర ఒక్కో వలయంగా బయటపడుతుంది. పాత ఇంటి గోడకు ఏళ్ల తరబడి కొట్టిన సున్నం పొరలు చూసినట్టే ఉంటుంది. ఏ రంగు మీద ఏ రంగు పడిందో వరస మొత్తం తెలుస్తుంది.

నంబరు ఉన్న చోట మాత్రం ఇలా చేయొద్దు. అక్కడ ముందు టార్చిలైటు వాడండి. రాత్రిపూట లైటును రేకుకు ఆనించి పక్కనుంచి కొట్టండి. పాత అక్షరం పైన ఎన్ని పూతలు పడినా దాని అంచు కొంచెం ఎత్తుగా ఉంటుంది. స్టెన్సిల్‌తో వేసిన అక్షరమైతే మరీ స్పష్టంగా తెలుస్తుంది. బండి నంబరు మార్చి రంగు కొట్టిన కేసుల్లో మేము చూసేది ఇలాగే.

---

ఎయిర్‌ఫ్రేమ్_ఫిట్టర్ (కడప)

టింకరింగ్ అన్న చెప్పింది వంద పాళ్లు కరెక్టు. దానికి రెండు మాటలు చేరుస్తా.

రంగు అట్టడుగున పసుపు పచ్చగా, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు పొర కనపడితే ఆగిపోండి. అది జింక్ క్రోమేట్ ప్రైమర్ అయ్యుండొచ్చు. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు విషం, క్యాన్సర్ తెచ్చే రకం. తడిగానే రుద్దాలి, మాస్కు, గ్లౌజులు ఉండాలి. తుడిచిన గుడ్డ పారేసేటప్పుడు కూడా జాగ్రత్త.

రెండోది, ఐరన్ బ్రష్, స్టీల్ ఊల్ విమానం దగ్గరికి రానివ్వకండి. ఇనుము రవ్వ అల్యూమినియంలో గుచ్చుకుని, తడి తగిలితే అక్కడే తినడం మొదలవుతుంది. ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తామని ఎవరైనా వస్తే వెనక్కి పంపండి. పైన ఉండే స్వచ్ఛమైన అల్యూమినియం పలచటి పొరే ఆ రేకుకు కాపలా. బ్లాస్టింగ్‌లో ముందు పోయేది అదే.

ఇక నంబరు తోక మీదే వెతకాల్సిన పని లేదు. విప్పి బిగించే ప్రతి ప్యానెల్ వెనక, విమానం నంబరులోని చివరి అంకెలు పెన్సిల్‌తోనో, రంగుతోనో, గీకో రాసి ఉంటాయి. ఎందుకంటే ఒక విమానం మూత ఇంకో విమానానికి సరిగ్గా కూర్చోదు. చేత్తో ఫైలింగ్ చేసి కూర్చోబెడతాం. సర్వీసింగులో పది విమానాల మూతలు ఒకే చోట పరుస్తాం. అంకె రాయకపోతే అంతే సంగతులు. ముందు బ్యాటరీ మూత, ముక్కు పక్క మూతలు చూడండి. స్క్రూ తిరగకపోతే బలవంతం చేయొద్దు. పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి.

---

బురుజు_అక్క (కర్నూలు)

ఆలస్యంగా చూశాను, ఈ థ్రెడ్ నా మనసుకు చాలా దగ్గరగా ఉంది. నేను చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని. విమానం కన్నా దాని వెనకున్న కాగితాల మీద నాకు ఆసక్తి ఎక్కువ.

నంబరు ఒక్కటే చాలని ఎందుకంటానో రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాళ్లు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్‌9ఎ బాంబర్లు సమకూర్చారు. వాటి మీద హైదరాబాదు పేరు రాసి ఉండేది. మన దత్త మండలాలను 1800లో కంపెనీకి అప్పజెప్పిన నిజాం వంశం సొమ్మే అది. వాటిలో ఎఫ్‌1010 నంబరు విమానం 1918 అక్టోబరులో జర్మనీలో దిగిపోవాల్సి వచ్చింది, శత్రువుల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధం తర్వాత పోలండ్‌లోని క్రాకోవ్‌లో తేలింది. 1977లో బ్రిటన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి దీన్ని మార్పిడిగా తీసుకున్నారు. ఇప్పుడు రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ఆ నంబరు ఎవరైనా చెరిపేసి ఉంటే, అది నిజాం విమానమని తేల్చేది ఎలా?

రెండోది మన దేశంలోదే. రాజస్థాన్ బికనీర్ కోటలో, ఏనుగుల సాలలో డీహెచ్‌9 విమానాల శకలాలు దొరికాయి. మొదటి యుద్ధం అయ్యాక బ్రిటన్ తన సామ్రాజ్యంలోని దేశాలకు పంచిన విమానాల కోవలోవి. చెక్క భాగాలు చెదలు తినేశాయి. బ్రిటన్‌లో విమానాలు బాగుచేసేవాళ్లు వాటిని కొనుక్కుని తీసుకెళ్లారు. ఒకటి డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ప్రదర్శనకు నిలిచింది. ఇంకొకటి, ఈ8894, 2019లో మళ్లీ గాల్లోకి లేచింది. ఏనుగుల సాలలో చెత్త అనుకున్నది అది.

అనంతపురం వేపచెట్ల కింద ఉన్నదాన్ని చెత్త అనుకోకుండా చూసిన తండ్రీకూతుళ్లకు నా నమస్కారాలు.

---

అచ్చుపని (కర్నూలు)

అక్కా, మీరు రాసింది చదివి ఒళ్లు పులకరించింది.

నేను నంద్యాల చెక్‌పోస్టు దగ్గర ఫైబర్ పని చేస్తాను. పార్కులకు ఏనుగులు, డైనోసార్లు, దేవుళ్ల విగ్రహాలు. నాకు చాలా ఏళ్లుగా ఒక కోరిక ఉంది. మన ఊళ్లో ఒక నాట్ యుద్ధవిమానాన్ని అసలు సైజులో చేసి నిలబెట్టాలని. అది చిన్న విమానం, రెక్కల చివర నుంచి చివరకు 22 అడుగులే, పొడవు 29 అడుగులు కూడా లేదు. లోపల ఇనుప పైపుల ఫ్రేమ్, పైన ఫైబర్ తొడుగు. నా షెడ్డులో పడుతుంది. 1965లో, 1971లో పాకిస్తాన్ సేబర్ జెట్లను ఎదిరించిన విమానం. శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నాట్ నడుపుతూనే ప్రాణం ఇచ్చారు. వైమానిక దళంలో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కరికే. ఆ కథ మన పిల్లలకు రోడ్డు మీద కనపడాలి.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. ఇంత కష్టపడి పాత అల్యూమినియం కాపాడే బదులు, అదే డబ్బుతో మెరిసే నమూనా చేసి గేటు దగ్గర పెట్టొచ్చు కదా? కిరణ్ కావాలన్నా అచ్చు తీస్తాను. చూసే పిల్లలకు తేడా తెలీదు.

---

ఎయిర్‌ఫ్రేమ్_ఫిట్టర్ (కడప)

తమ్ముడూ, నీ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ "తేడా తెలీదు" అన్నది ఒప్పుకోను. రేకు మీద ఒక రివెట్టు చుట్టూ గీత పడి ఉంటుంది, అది ఎవడో కుర్రాడు డ్రిల్లు జారి గీసింది. ఎక్కే చోట పెయింటు అరిగి ఉంటుంది, అది వందలమంది ట్రైనీలు కాలు పెట్టింది. మేము వేసిన ప్యాచ్‌లు ఉంటాయి. నమూనాలో అవేమీ ఉండవు. అసలు విమానం నిజం చెబుతుంది.

---

బురుజు_అక్క (కర్నూలు)

అన్నా, నేను ఇద్దరి మాటా ఒప్పుకుంటాను. నమూనా అసలుకు పోటీ అని ఎందుకు అనుకోవాలి? బ్రిటన్‌లో చాలా ఏళ్లు వైమానిక కేంద్రాల గేట్ల దగ్గర నిజమైన స్పిట్‌ఫైర్లు, హరికేన్లు ఎండకూ వానకూ నిలబడి పాడైపోయాయి. 1980ల చివర్లో వాటి స్థానంలో ఫైబర్ నమూనాలు పెట్టి, అసలువాటిని లోపలికి తీసుకున్నారు. వాటిలో కొన్ని ఇప్పుడు ఎగురుతున్నాయి. అంటే నమూనా ఎండలో నిలబడితేనే అసలు విమానం బతికింది.

నా షరతు ఒక్కటే. నమూనా మీద అది నమూనా అని స్పష్టంగా రాయాలి, ఎవరు ఎప్పుడు చేశారో కూడా రాయాలి. బోర్డు లేకుండా పెడితే ఇరవై ఏళ్ల తర్వాత అదే అసలు విమానమని ఊరంతా నమ్ముతుంది.

---

అచ్చుపని (కర్నూలు)

ఈ మాట నాకు నచ్చింది అక్కా. బోర్డు పెడతా, కాదు, ఒంటి మీదే అచ్చులో తీస్తా. పీకేయడానికి కూడా వీలుండదు.

---

పెన్నాయేరు (ఊరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు)

మధ్యలో ఒక మాట. మన దగ్గర ఈ పని కొత్తదేమీ కాదు. రెండో యుద్ధం అయ్యాక అమెరికా లిబరేటర్ బాంబర్లను కాన్పూరులో పాడుచేసి వదిలేశారు, మళ్లీ ఎగరకూడదని. హెచ్‌ఏఎల్ వాళ్లు 1948లో వాటి దగ్గరికెళ్లి, ఒకదాని భాగాలు ఇంకోదానికి వేసి, బెంగళూరు దాకా ఎగిరేలా చేసి, ఇక్కడ పూర్తిగా బాగుచేశారు. అలా నలభైకి పైగా లిబరేటర్లు మన దళంలో చేరి 1968 దాకా పనిచేశాయి. ప్రపంచంలో మిగిలిన లిబరేటర్లు చాలా తక్కువ. వాటిలో కొన్ని మన దళం నుంచి వెళ్లినవే. ఒకటి లండన్ మ్యూజియంలో ఉంది, ఇంకొకటి అమెరికాలో ఎగిరే స్థితిలో బతికింది. మనవాళ్లు స్పానర్ పట్టుకోకపోయి ఉంటే అవి ఎప్పుడో కరిగిపోయి గిన్నెలయ్యేవి.

---

సెకండియర్_ఏరో (అనంతపురం)

అప్‌డేట్. హెచ్‌ఓడీ సార్ పర్మిషన్ ఇచ్చారు. ల్యాబ్ అసిస్టెంట్ అన్న ఉండగా నాలుగు మూతలు విప్పాం. ఎయిర్‌ఫ్రేమ్ అంకుల్ చెప్పినట్టే ఆయిల్ వేసి మర్నాడు విప్పాం. రెండు స్క్రూలు అస్సలు రాలేదు, వదిలేశాం.

లోపల అంకెలు ఉన్నాయి! ఎర్ర రంగుతో మూడంకెలు, బ్రష్‌తో రాసినట్టు. కానీ సమస్య ఏమిటంటే, బ్యాటరీ మూత వెనక ఒక నంబరు, ముక్కు కుడివైపు మూత వెనక ఇంకో నంబరు. మిగతా రెండింటి మీద బ్యాటరీ మూత నంబరే ఉంది. కానోపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) ఫ్రేము అంచున పెన్సిల్‌తో మూడో నంబరు.

రాత్రి టార్చి కొట్టి తోక చూశాం. మొదటి అక్షరం యు అని చదవగలిగాం. తర్వాత అంకెల్లో రెండు స్పష్టంగా, ఒకటి 3 లేదా 8, చివరిది తెలీలేదు. స్పష్టంగా ఉన్న రెండూ బ్యాటరీ మూత నంబరుతో సరిపోతున్నాయి. ఫొటోలు నాన్నకు ఇచ్చాను. మా విమానం మూడు విమానాలు కలిపి చేసిందా? అలాగైతే దీని నంబరు ఏది?

---

ఎయిర్‌ఫ్రేమ్_ఫిట్టర్ (కడప)

తల్లీ, చాలా మంచి పని చేశావు. రాని స్క్రూలు వదిలేసినందుకు ఇంకా సంతోషం.

యు అన్నది కిరణ్ అక్షరమే. కిరణ్‌లకు నంబరు ముందు యు వస్తుంది. మిగ్-21కి సి, నాట్‌కి ఈ, అలా ఒక్కో రకానికి ఒక్కో అక్షరం.

మూడు నంబర్లు చూసి కంగారు పడకు. ఒక విమానం పెద్ద సర్వీసింగుకు పోయి నిలబడితే, దాని మంచి భాగం తీసి ఇంకోదానికి వేసి రేపు పొద్దున ఎగిరేలా చేయడం మా రోజువారీ పని. కానోపీ పగులుతుంది, మారుతుంది. ముక్కు మూత నొక్కు పడుతుంది, మారుతుంది. అది దాని బతుకులో భాగమే. విమానం అంటే దాని ఒళ్లు, ఫ్యూజలాజ్. దాని మీద తయారీ ప్లేటు ఉంటుంది, చిన్నది, అల్యూమినియంది, అక్షరాలు గుద్ది ఉంటాయి. ఒక్కో రకంలో ఒక్కో చోట ఉంటుంది. చక్రాల గూళ్లు, కాక్‌పిట్ గోడ, వెనక ఫ్రేములు చూడాలి. కాక్‌పిట్ ఇప్పుడే వద్దు. చక్రాల గూళ్లు చూడండి. ఆ ప్లేటు ఏ నంబరు చెబితే అదే విమానం.

ఒక మాట, పూర్తి నంబరు ఇక్కడ పెట్టొద్దు. ముందు అడగాల్సినవాళ్లను అడుగుదాం.

---

టింకరింగ్_షెడ్ (ప్రొద్దుటూరు)

ప్లేటు మీద రంగు పడి ఉంటే గీకొద్దు. గుడ్డకు కొంచెం టిన్నర్ పట్టించి ఆనించి ఉంచండి, మెత్తబడ్డాక తుడవండి. గుద్దిన అక్షరం లోతులో రంగు మిగిలితే మంచిదే, ఫొటోలో బాగా చదవొస్తుంది.

---

గుత్తి_గాలి (అనంతపురం)

ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. కాలేజీ యాజమాన్యంలో ఒకాయన, నంబరు తేలకపోతే ఏదో ఒక పేరున్న నంబరు వేద్దాం, సూర్యకిరణ్ రంగులు కొడదాం, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది అంటున్నారు. ఎలా కాదనాలి?

---

బురుజు_అక్క (కర్నూలు)

వినయంగా, గట్టిగా కాదనండి. సూర్యకిరణ్ వాళ్లు ఎగిరింది మార్క్-2 కిరణ్‌తో. మీది మార్క్-1ఎ అని మీ అమ్మాయే తేల్చింది. ఏరోనాటికల్ చదువుకునే పిల్లల ముందే తప్పు రంగు వేసి నిలబెట్టడం బాగుండదు.

ఆయన డకోటా సంగతి ఎత్తొచ్చు, అందుకే ముందే చెబుతున్నాను. వైమానిక దళం దగ్గర ఎగిరే స్థితిలో పరశురామ అనే డకోటా, అంటే పాతకాలం రవాణా విమానం, ఉంది. రాజీవ్ చంద్రశేఖర్ గారు కొని, బ్రిటన్‌లో బాగుచేయించి, దళానికి కానుకగా ఇచ్చారు. 2018లో బ్రిటన్ నుంచి ఎగురుకుంటూ వచ్చింది. దాని మీద ఉన్న వీపీ 905 నంబరు, 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కు సైన్యాన్ని మోసిన డకోటాది. ఈ విమానం అసలు నంబరు వేరు. మరి అది తప్పా? కాదు. దళమే, ఆ రోజు గుర్తుగా, అందరికీ చెప్పి వేసిన నంబరు. దాని సొంత చరిత్ర ఎవరూ దాచలేదు. మన దగ్గర జరగబోయేది, తెలుసుకునే వీలున్న నంబరును వెతకడం మానేసి ఇంకోటి వేయడం. రెండూ ఒకటి కావు.

---

పెన్నాయేరు (ఊరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు)

దీనికి తోడు, కాలేజీకి ఈ విమానం ఊరికే రాలేదు. ఇచ్చినప్పుడు కాగితం ఇచ్చే ఉంటారు, అందులో విమానం నంబరు ఉంటుంది. ఆఫీసులో పాత ఫైళ్లు, స్టాకు రిజిస్టరు వెతికించండి. మ్యూజియం లాంటి వస్తువును బాధ్యతగా చూసుకోవాలని అందులో షరతులు కూడా ఉండొచ్చు. యాజమాన్యానికి మన మాట కన్నా ఆ కాగితమే గట్టిగా పనిచేస్తుంది.

---

సెకండియర్_ఏరో (అనంతపురం)

ప్లేటు దొరికింది!!

ఎడమ చక్రం గూట్లో, పైన, గ్రీజు, దుమ్ము గట్టిపడిన కుప్ప కింద. బొటనవేలు రెండింతలు ఉంటుంది. నాలుగు మూలలా చిన్న రివెట్లు, ఒకటి ఊడిపోయింది. టింకరింగ్ అంకుల్ చెప్పినట్టు గుడ్డ ఆనించి ఉంచాం. మెల్లగా హిందుస్థాన్ అన్న మాట ముందు కనపడింది, తర్వాత రకం పేరు, కింద నంబరు. పక్కన చిన్న గుండ్రటి ముద్ర, ఇన్‌స్పెక్షన్ స్టాంపు అనుకుంటా. మా ముగ్గురికీ చేతులు వణికాయి, నిజంగా.

అది తయారీ వరస నంబరులా ఉంది, యు నంబరు కాదు. కానీ నాన్న ఆఫీసులో ఫైలు కూడా వెతికించారు. విమానం వచ్చినప్పటి ఉత్తరంలో యు నంబరు ఉంది. బ్యాటరీ మూత అంకెలు, తోక మీద చదవగలిగినవి, ఉత్తరంలో ఉన్నది, మూడూ ఒకటే. టార్చి కింద 3 లేదా 8 అనుకున్నది 8.

---

ఎయిర్‌ఫ్రేమ్_ఫిట్టర్ (కడప)

శభాష్ తల్లీ. శభాష్.

ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఉత్తరం రాయించండి. ఒకటి విమానం ఇచ్చిన వైమానిక దళ కార్యాలయానికి, ఒకటి బెంగళూరు హెచ్‌ఏఎల్‌కు. యు నంబరు, ప్లేటు నంబరు, మూతల మీది నంబర్లు, ఫొటోలు అన్నీ పెట్టండి. అడగాల్సింది మూడే. సీట్ల కార్ట్రిడ్జులు తీసినట్టు ధృవీకరణ, ఈ విమానం ఏ యూనిట్లలో పనిచేసింది, చివరగా ఏ రంగుల్లో ఉంది. ఎప్పుడో దీన్ని నడిపినవాళ్లు, చూసుకున్నవాళ్లు దేశంలో ఎక్కడో ఉంటారు. నంబరు చెబితే వాళ్లే గుర్తుపడతారు. మేము విమానాలను నంబరుతోనే పిలుస్తాం.

---

గుత్తి_గాలి (అనంతపురం)

ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. వార్షికోత్సవానికి రంగు లేదు. మామూలు నీళ్లు, మెత్తటి సబ్బుతో కడిగి, చుట్టూ చోటు శుభ్రం చేసి, ఇంతవరకు తెలిసిన సంగతులతో ఒక బోర్డు పెడతాం. రంగు వేసే మనిషి డబ్బు వృథా కాకుండా గోడల పని ఇచ్చారు.

---

టింకరింగ్_షెడ్ (ప్రొద్దుటూరు)

మంచి మాట. కడిగేటప్పుడు ప్రెషర్ పంపు వద్దు, కీళ్లలోకి నీళ్లు పోతాయి. రంగు వేసే రోజు వస్తే నన్ను పిలవండి, మా పిల్లలిద్దరితో వస్తా. కూలి వద్దు, భోజనం చాలు.

---

పెన్నాయేరు (ఊరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు)

రంగుల దాకా వస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. వైమానిక దళం గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. ఊళ్లలో నిలబెట్టిన విమానాల మీద తిరగేసి వేసినవి నా కళ్లతో చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

అనంతపురంలో వాన తక్కువ కావడం అల్యూమినియానికి మేలే. విశాఖ బీచ్‌లో నిలబెట్టిన నౌకాదళం టీయూ-142 విమానానికి ఉప్పుగాలితో రోజూ పోరాటమే. మీకు శత్రువు ఎండ. కానోపీ మీద తెల్లటి కాటన్ గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల వేడి, చెమ్మ చేరి ఇంకా పాడవుతుంది. కింద నీళ్లు కారే సన్న రంధ్రాలు ఉంటాయి, మట్టి పట్టి మూసుకుపోయి ఉంటాయి. వాటిని వెదురుపుల్లతో తెరవండి, ఇనుప చువ్వ వద్దు.

---

అచ్చుపని (కర్నూలు)

నాది కూడా ఒక నిర్ణయం. నాట్ నమూనా మొదలుపెడుతున్నా. ముందుగా బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియానికి పోయి అసలువాటిని చూసి, పద్ధతిగా కొలతలు అడిగి తెచ్చుకుంటా. పెన్నాయేరు అన్నా, తోడు రాగలరా? ఫొటోలు చూసి అచ్చు తీస్తే ముక్కు దగ్గర వంపు తప్పుతుందని నాకు విగ్రహాల పనిలోనే తెలుసు.

---

పెన్నాయేరు (ఊరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు)

తప్పకుండా. ముందు ఫోను చేసి రండి, తెరిచి ఉండే రోజు కనుక్కుని చెబుతా.

---

సెకండియర్_ఏరో (అనంతపురం)

ఒక డౌట్. టైర్లు అణిగిపోయి బరువంతా రిమ్ముల మీద పడుతోంది. కడిగేముందే విమానాన్ని ఎత్తి కింద ఇనుప స్టాండ్లు పెట్టాలని మా హెచ్‌ఓడీ సార్ అంటున్నారు. కార్లకు వాడే జాకీ సరిపోతుందా?

---

ఎయిర్‌ఫ్రేమ్_ఫిట్టర్ (కడప)

సరిపోదు, పెట్టొద్దు. విమానాన్ని ఎక్కడ పడితే అక్కడ ఎత్తితే రేకు నొక్కుకుపోతుంది, లోపల ఫ్రేము వంగుతుంది. ఎత్తడానికి దాని ఒంటి మీదే జాక్ పాయింట్లు ఉంటాయి. ఇంజిను తీసేశారు కాబట్టి బరువు ముందుకు పడుతుంది. లెక్క తప్పితే ముక్కు మీద కూలబడుతుంది. రెక్కల కింద, ముక్కు కింద దగ్గరనుంచి ఫొటోలు తీసి పెట్టు తల్లీ, నేను గుర్తులు పెట్టి పంపుతా. వచ్చే ఆదివారం నేనే కడప నుంచి బస్సెక్కి వస్తా. అంతవరకూ దాన్ని ఎవరూ కదిలించొద్దు.